విల్లుకీ విల్లోకీ చుట్టరికం లేదు

పోయిన సెమిస్టర్లో మా క్లబ్ వాళ్ళు నా చేతిలో ఒక చిన్న ఇంగ్లీషు కథ పెట్టి అనువాదం చెయ్యమన్నారు. నాలుగు పేజీలు. చెరువు గట్టున ఒక చెట్టు, దాని కింద ఒక ముసలావిడ, ఆవిడ ఎదురుచూపు. అంతే కథ. రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేసి పంపేశాను. మూడో రోజున ఎడిటర్ అక్క దగ్గర్నుంచి తిరిగొచ్చింది. భాష బాగానే ఉందిట. కానీ పదకొండు చోట్ల ఒకే మాట చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది. ఆ మాట 'విల్లో'. పక్కన ఒకే ప్రశ్న: "ఇదేం చెట్టు? చదివేవాళ్ళ కళ్ళకి కనిపిస్తుందా?"

నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. విల్లో తెలియనిదెవరికి? గల్లీలో క్రికెట్ ఆడిన ప్రతివాడికీ తెలుసు. ఇంగ్లిష్ విల్లో, కాశ్మీర్ విల్లో అని బ్యాటు మీద స్టిక్కరే ఉంటుంది కదా! కాసేపయ్యాక కోపం తగ్గి ఆలోచిస్తే తెలిసింది. నేను చూసింది స్టిక్కరు. చెట్టుని ఎప్పుడూ చూడలేదు. ఆకు గుండ్రంగా ఉంటుందో పొడుగ్గా ఉంటుందో కూడా తెలీదు. తెలియని చెట్టు కింద ఒక ముసలావిడని పదకొండుసార్లు కూర్చోబెట్టాను.

సరే, వెతుకుదామని ఫోన్లో ఆ మాట కొట్టాను. ముందు బ్యాట్ల ధరలు వచ్చాయి. తర్వాత అమెరికాలో మనవాళ్ళు క్రికెట్ చూసే విల్లో టీవీ. ఆ తర్వాత గూగుల్ వాళ్ళ క్వాంటమ్ చిప్, 2024 డిసెంబరులో ప్రకటించిన 105 క్యూబిట్ల విల్లో. వాళ్ళకి చిప్పులకి చెట్ల పేర్లు పెట్టే అలవాటుంది. దీనికి ముందు వచ్చిన వాటి పేర్లు బ్రిసిల్‌కోన్, సికమోర్. మన బ్రాంచి వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి వదిలేస్తాను. క్యూబిట్ల గడిని 3×3 నుంచి 5×5కి, అక్కడి నుంచి 7×7కి పెంచుతూ పోతే తప్పులు పెరగడం మాని ప్రతిసారీ సగానికి తగ్గాయన్నదే ఆ చిప్పు గొప్ప. అసలు చెట్టు దొరకాలంటే చాలా కిందికి జరగాల్సి వచ్చింది.

ముందు బ్యాటు సంగతే చూద్దాం, మనకి దగ్గరిది కాబట్టి. బ్యాటుకి వాడే ఇంగ్లిష్ విల్లో తెల్ల విల్లోలో ఒక రకం. వృక్షశాస్త్రంలో దాన్ని సాలిక్స్ ఆల్బా సెరూలియా అంటారు. ఇంగ్లండులో ఎసెక్స్, సఫోక్ వైపు తడి నేలల్లో పెంచుతారు. కొట్టడానికి సుమారు 15 నుంచి 20 ఏళ్ళు ఆగాలి. మొద్దుని మొదట రంపంతో కొయ్యరు, పీచు పోయిన దారినే చీలుస్తారు. చీల్చిన దిమ్మల చివర్లకి మైనం పూసి ఆరబెడతారు. చీలిక ఎండాక చాలా తేలిక, కానీ మెత్తన. అలాగే ఆడితే నాలుగు బంతులకే సొట్టలు పడుతుంది. అందుకని రోలర్ల మధ్య నొక్కి పైపొరని గట్టిచేస్తారు. లోపల మెత్తన, పైన గట్టి. బంతి తగిలితే చీలికలై ఎగిరిపోకుండా దెబ్బని తనలోకి తీసుకుంటుంది. మా ఊళ్ళో మొదటి బ్యాటు కొబ్బరి మట్ట. దాంతో ఆడినవాళ్ళకి ఈ తేడా అరచేతుల్లో తెలుస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. క్రికెట్ నియమాల్లో విల్లో అన్న మాటే లేదు. 1979లో పెర్త్‌లో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగి పెద్ద గొడవ చేశాక, బ్యాటు పలక పూర్తిగా కలపతోనే ఉండాలని రాసుకున్నారు. ఏ కలపో చెప్పలేదు. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు వెదురు బ్యాటు చేసి చూపిస్తే, వెదురు గడ్డి జాతి, కలప కాదు, కాబట్టి నియమం ఒప్పుకోదన్నారు. అంటే చింతకొమ్మతో బ్యాటు చేసుకున్నా చెల్లుతుంది గానీ వెదురుతో చెల్లదు! భుజం పట్టేస్తే మాత్రం నన్ననకండి.

కాశ్మీర్ విల్లో అంటే శ్రీనగర్ దారిలో అనంతనాగ్ జిల్లాలోని సంగం, హల్ముల్లా, బిజ్‌బెహారా. రోడ్డు పక్కన బ్యాటు దిమ్మలు గూళ్ళు గూళ్ళుగా పేర్చి ఆరబెట్టి ఉన్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కాశ్మీరీలో ఈ చెట్టు పేరు వీర్. చలికాలంలో అక్కడివాళ్ళు ఫెరన్ లోపల పెట్టుకునే నిప్పుల కుంపటి, కాంగ్‌డీ, దాని చుట్టూ అల్లిక కూడా ఈ జాతి చెట్ల సన్నపు రెమ్మలతోనే. దేశమంతా ఆ చెట్టుతో సిక్సర్లు కొడుతుంటే, వాళ్ళు దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని చలి కాచుకుంటున్నారు.

ఈ అల్లిక అన్న మాట దగ్గరే నాకు బల్బు వెలిగింది. విల్లో వంగుతుంది. మన విల్లూ వంగుతుంది. విల్లు, విల్లో. ఒకటే మాటయి ఉంటుంది! రాత్రి పన్నెండున్నరకి అక్కకి మెసేజ్ పెట్టాను, చరిత్ర కనిపెట్టినవాడిలాగ. పొద్దున్నే జవాబొచ్చింది: "నిఘంటువు చూశావా?"

చూడలేదు. చూశాక పరువు పోయింది. విల్లు అచ్చంగా ద్రావిడ పదం. తమిళంలో, మలయాళంలో విల్, కన్నడంలో బిల్లు. ఇంగ్లీషు విల్లోకి దీంతో ఏ చుట్టరికమూ లేదు. చెవికి ఒకేలా వినిపించడం, అర్థం కూడా కలిసినట్టు కనిపించడం, రెండూ కాకతాళీయం. వాట్సాప్‌లో తిరిగే 'ప్రపంచ భాషలన్నీ మన భాష నుంచే' సందేశాలు ఇలాగే పుడతాయని అప్పుడర్థమైంది. నేనూ ఒకటి పుట్టించబోయాను.

కానీ వెతకడం ఆపలేదు. ఆపకపోవడమే మంచిదైంది. ఇంగ్లీషు విల్లోని భాషాశాస్త్రజ్ఞులు 'తిరుగు, చుట్టు' అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువు దగ్గరికి తీసుకెళతారు. సంస్కృతంలోని వలయాన్నీ కొందరు అదే ధాతువు కింద చేరుస్తారు. తెలుగు మీడియంలో విద్యుత్ వలయం అని చదువుకున్నామే, ఆ వలయం. విల్లో చెట్టుకి ఇంగ్లీషులో ఇంకో పాత పేరుంది, విథీ. దాని మూలార్థం 'మెలితిప్పు, అల్లు'. పారశీకంలో ఈ చెట్టు పేరు బీద్, అదీ ఆ కుటుంబమే. సంస్కృతంలో వేతసం, వేత్రం ఆ కుటుంబమే. ఆ వేత్రమే తెలుగులోకొచ్చి బెత్తం అయింది. ఇంగ్లీషు వైర్ కూడా అక్కడిదే. చెవికి చుట్టంలా వినిపించిన విల్లు చుట్టం కాదు. హైస్కూల్లో లెక్కల మాస్టారి చేతిలో ఉన్న బెత్తం, మన ల్యాబులో బల్ల మీద పడి ఉండే వైరు మాత్రం ఈ చెట్టు పేరుకి దూరపు బంధువులు. ఇది చదివిన రోజు నా కుడి అరచెయ్యి ఒకసారి చూసుకున్నాను.

ఒకే మాట వేరే వేరే నేలల మీద వేరే వేరే మొక్కల్ని పట్టుకుందన్నమాట. ఇరాన్‌లో బీద్ అంటే విల్లో. మన వేతసానికి నిఘంటువులు ఇచ్చే అర్థం ప్రబ్బలి, అంటే పేము జాతి. వంగే గుణం ఒకటే, మొక్క మారిపోయింది.

ఆ వంగే గుణం మీద మహాభారతంలో ఒక కథ ఉంది. శాంతిపర్వంలో ధర్మరాజుకి భీష్ముడు చెబుతాడు. సముద్రుడు నదుల్ని అడుగుతాడట. మీరు పెద్ద పెద్ద చెట్లని వేళ్ళతో సహా పెకలించి తెస్తారు, గట్టునే ఉండే ఆ బక్క వేతసాన్ని ఒక్కసారీ తేలేదేం, చిన్నచూపా లేక అది మీకేదైనా మేలు చేసిందా అని. గంగ జవాబు చెబుతుంది. ఆ చెట్లు ఉన్నచోటే నిటారుగా నిలబడి మమ్మల్ని ఎదిరిస్తాయి, ఇది వరద వస్తుంటే వంగుతుంది, పోగానే లేస్తుంది అని. బలవంతుడు మీదికొస్తే బలం లేని రాజు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి ఇది సమాధానం. కాళిదాసు కూడా రఘువంశం నాలుగో సర్గలో సుహ్మ దేశపు రాజులు రఘువు ముందు ఈ వేతస వృత్తినే పట్టుకుని బతికిపోయారంటాడు. నాకు మాత్రం చదువుతుంటే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు గుర్తొచ్చాయి. వంగడం వేరు, వంగిపోవడం వేరు. కథలో వేతసం మళ్ళీ లేస్తుంది, అది మర్చిపోకూడదు.

మన దగ్గర ఉపాయానికి గుర్తయిన పేరే పడమటికి వెళితే ఏడుపుకి గుర్తు. షేక్‌స్పియర్ నాటకాల్లో ఒఫీలియా విల్లో కొమ్మ విరిగి ఏట్లో పడి చనిపోతుంది. డెస్డిమోనా చావబోయే ముందు పాడే పాట విల్లో పాట. అప్పటి ఇంగ్లండులో విల్లో దండ వేసుకున్నారంటే ప్రేమ విఫలమైందని అర్థం. కొమ్మలు నేలకి వేలాడే రకానికి ఏడ్చే విల్లో అని పేరు. పారశీకులు అదే చెట్టుని బీద్-ఎ-మజ్నూన్ అన్నారు. లైలా కోసం పిచ్చివాడై, జుట్టు విరబోసుకుని తిరిగిన మజ్నూనే వాళ్ళకి ఆ కొమ్మల్లో కనిపించాడు. ఉర్దూలోకీ ఆ పేరే వచ్చింది. ఏడ్చే చెట్టు కన్నా మజ్నూ చెట్టు ఎంత బాగుందో!

ఇక ఈ ఏడ్చే విల్లో శాస్త్రీయ నామం ఒక పొరపాటు. 1753లో లినేయస్ దీనికి సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టాడు. బైబిలు 137వ కీర్తనలో చెరపట్టిన యూదులు బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడుస్తూ తమ వాద్యాలు చెట్లకి తగిలిస్తారు. ఆ చెట్టు ఇదే అనుకున్నాడు. కీర్తనలోది యూఫ్రటీస్ ఒడ్డున పెరిగే పాప్లార్ అయి ఉంటుందని తర్వాతివాళ్ళు తేల్చారు. ఏడ్చే విల్లో పుట్టిల్లు చైనా. పేరు మాత్రం బబులోనే. ఒకసారి రిజిస్టర్లో ఎక్కిన పేరు మార్చడం ఎంత కష్టమో ఆధార్ కార్డులో ఇంటిపేరు తప్పుపడ్డ మా బాబాయికి తెలుసు.

పుట్టింట్లో దాని పేరు లియూ. చైనా భాషలో 'ఉండిపో' అనే మాట కూడా దాదాపు అదే శబ్దం, స్వరం ఒక్కటే తేడా. అందుకని పూర్వం దూరదేశం వెళ్ళేవాళ్ళకి విల్లో రెమ్మ విరిచి ఇచ్చేవారు. పాత రాజధాని ఛాంగాన్ బయట బా వంతెన దగ్గర ఆగి, రెమ్మ ఇచ్చి వెనుదిరిగేవారు. వెళ్ళొద్దని నోటితో అనలేరు, చెట్టు చేత అనిపిస్తారు. మా అమ్మ నన్ను హాస్టల్‌కి పంపేటప్పుడు బస్సు కదిలేదాకా 'ఆవకాయ సీసా నిలువుగా పెట్టావా' అనే అడుగుతుంది తప్ప ఇంకోటి మాట్లాడదు. ఆ ఆవకాయ సీసాయే మా విల్లో రెమ్మ అనుకుంటాను.

లాటిన్ పేరు సాలిక్స్ ఇంకో దారిన మన ఇంట్లోకి వచ్చింది. మొటిమలకి వాడే ఫేస్‌వాష్ వెనక చదవండి, సాలిసిలిక్ యాసిడ్ అని ఉంటుంది. 1763లో ఇంగ్లండులో స్టోన్ అనే మతగురువు విల్లో బెరడు నమిలి, సింకోనా అంత చేదుగా ఉందని గమనించి, ఎండబెట్టి పొడిచేసి సుమారు యాభై మంది చలిజ్వరం రోగులకి ఇచ్చానని ఉత్తరం రాశాడు. తడి నేలలో వచ్చే జబ్బుకి మందు తడి నేలలోనే ఉంటుందని ఆయన నమ్మకం. తర్కం తప్పు, మందు ఒప్పు. రాయల్ సొసైటీ వాళ్ళు ఆ ఉత్తరం అచ్చేస్తూ ఎడ్వర్డ్ అన్న ఆయన పేరుని ఎడ్మండ్ చేశారు. ఈ చెట్టు జోలికి వెళ్ళినవాళ్ళకి పేర్లు సరిగ్గా మిగలవేమో! 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ బెరడులోని చేదు పదార్థాన్ని వేరుచేసి సాలిసిన్ అన్నాడు, దాన్నుంచి సాలిసిలిక్ యాసిడ్ వచ్చింది. అది కడుపుని పాడుచేస్తుంటే, 1897లో బేయర్ కంపెనీలో హాఫ్‌మన్ దానికి అసిటైల్ జోడించి శుద్ధంగా తయారుచేశాడు. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబులో మనం వెలగబెట్టిన ఆస్పిరిన్ అదే. అయితే ఆస్పిరిన్ అన్న పేరులో విల్లో లేదు! అ అంటే అసిటైల్, స్పిర్ అంటే అదే ఆమ్లం దొరికే స్పైరియా అనే ఇంకో మొక్క. వృక్షశాస్త్రజ్ఞులు ఆ మొక్కకీ స్పైరియా అన్న పేరు తీసేసి ఫిలిపెండులా అన్నారు. ఇప్పుడు ఆ మాత్ర, తన పేరే పోగొట్టుకున్న మొక్క పేరు మోస్తోంది.

ఇంత తిరిగాక అక్క అడిగిన ప్రశ్న అలాగే ఉంది. తెలుగులో ఏమనాలి?

జవాబు నాకు వృక్షశాస్త్ర పుస్తకాల్లో దొరికింది. విల్లోలో దాదాపు అన్నీ చలిదేశాలవే అయినా, మన వేడికి తట్టుకునేది ఒకటుంది, సాలిక్స్ టెట్రాస్పెర్మా. ఆ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. కంపెనీ డాక్టరు. 1793లో కలకత్తా తోటకి వెళ్ళేముందు ఏళ్ళ తరబడి మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పెద్ద పుస్తకంలో ఈ విల్లో కూడా ఉంది. టెట్రాస్పెర్మా అంటే నాలుగు విత్తనాలది. దాని తెలుగు పేరు ఏటిపాల. తమిళంలో ఆట్రుపాలై, మలయాళంలో ఆట్టుపాల. ఏరు పక్కన పెరిగే పాల. నోట్లో ఎంత హాయిగా ఉందో అనుకుని చూడండి.

ఆ రాత్రే పదకొండు విల్లోలు తీసేసి పదకొండు ఏటిపాలలు నాటేశాను. కథ ఒక్కసారిగా మనదైపోయింది. ముసలావిడ మా వీధిలో ఆవిడే అనిపించింది.

పాడేరు వైపు నుంచి వచ్చిన మా రూమ్మేట్ నా ల్యాప్‌టాప్‌లో ఏటిపాల ఫొటో చూసి, "ఇది మా గెడ్డ ఒడ్డున ఉంటాదిరా" అన్నాడు. నేను ఎగిరి గంతేసి వాడికి అనువాదం చదివి వినిపించాను. కొమ్మలు నీళ్ళని తాకుతూ జడల్లా వేలాడుతున్నాయి అన్న వాక్యం దగ్గర ఆపేశాడు. "అది వేలాడదురా. మామూలుగానే నిలబడి ఉంటాది" అన్నాడు.

వాడన్నది నిజం. కథలో చెట్టు ఏడ్చే విల్లో. మన ఏటిపాల ఆ జాతిదే గానీ కొమ్మలు అలా వేలాడెయ్యదు. పేరు మనదైంది కదా అని చెట్టుని మార్చేస్తే, బబులోను పేరు పెట్టిన లినేయస్‌కీ నాకూ తేడా ఏముంది? మర్నాడు పదకొండు ఏటిపాలల్నీ పీకేశాను. మొదటి చోట మాత్రం విల్లో పక్కన ఒక వాక్యం చేర్చాను, జుట్టు విరబోసుకుని నీళ్ళలోకి వంగిన మనిషిలా ఉందని. మిగతా పది చోట్లా ఉత్త 'చెట్టు' అన్నాను. అక్క ఈసారి ఎర్ర గీత గీయలేదు. అదే ఈ సంచికలో వేశారు.

సంక్రాంతి సెలవులకి రూమ్మేట్ ఇంటికెళ్ళి గెడ్డ దగ్గర్నుంచి మూడు ఫొటోలు పంపాడు. సన్నగా పొడుగాటి ఆకులు, వెనకవైపు తెల్లటి బూడిద రంగు. పాల అన్నావు కదా అని ఆకు తుంపి చూశాడట, పాలేమీ రాలేదట. పేరేమిటని వాళ్ళ నాన్నని అడగమన్నాను. అడిగాడు. "పేరేటుంటాది, గెడ్డకాడ చెట్టు" అన్నాడట ఆయన. వాళ్ళ నానమ్మకి తెలిసుండొచ్చంటున్నాడు. ఆవిడ ఊళ్ళో లేదు, పండక్కి కూతురింటికి వెళ్ళింది. వచ్చాక అడిగి చెబుతానన్నాడు.